రాతిధూళి, సమ్మతి, బాధ్యత: ఒక నైతిక పరిశీలన

హాని ఉందని తెలిసి పనిలో చేరిన కార్మికుని అనారోగ్యానికి యజమాని ఎంతవరకు బాధ్యుడు? 'తెలిసే చేరాడు, కూలి తీసుకున్నాడు' అనే సమాధానం తరచుగా వినిపిస్తుంది. అది నైతికంగా నిలుస్తుందా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం. రాతిపనివారికి వచ్చే సిలికోసిస్ వ్యాధి ఇందుకు తగిన ఉదాహరణ.

కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్ వంటి రాయిని తొలిచినా, కోసినా, సానపట్టినా దుమ్ము లేస్తుంది. అందులోని సిలికా సూక్ష్మరేణువులు ఊపిరితిత్తుల లోలోపలికి చేరి, అక్కడి కణజాలాన్ని మచ్చకట్టిస్తాయి. సాధారణంగా ఏళ్ల తరబడి పనిచేసిన తరువాతగాని ఆయాసం బయటపడదు. ఆ మచ్చలను మాన్పే చికిత్స లేదు. పైగా క్షయ సోకే ముప్పు పెరుగుతుంది.

సమ్మతి చెల్లాలంటే రెండు నియమాలు అవసరం: ఒప్పుకుంటున్నదేమిటో తెలియాలి, కాదనే వీలుండాలి. రాతిపనిలో ఈ రెండూ బలహీనమే. దుమ్ము కనిపిస్తుంది గాని, హాని చేసే రేణువు కంటికి కనిపించదు. కూలి సాయంత్రానికే చేతికందుతుంది. వ్యాధి పదేళ్లకో ఇరవయ్యేళ్లకో వస్తుంది. వేరే బతుకుదెరువు లేనివాని అంగీకారాన్ని స్వేచ్ఛా నిర్ణయమనలేము. అన్నిటికీ మించి, కూలి శ్రమకు మూల్యం, ఊపిరికి కాదు.

'మాస్కు ఇచ్చాం, వాడే పెట్టుకోలేదు' అన్నది మరొక వాదం. ఇందులో కొంత నిజముంది. తన జాగ్రత్త కార్మికునికీ ఉండాలి. అయితే వేసవి ఎండలో రోజంతా ముఖానికి బిగించుకోవలసిన మాస్కు, రక్షణ భారాన్ని అధికారం లేనివాని మీద మోపుతుంది. నీటితో తడుపుతూ కోయడం, దుమ్మును పుట్టినచోటే పీల్చే యంత్రాన్ని అమర్చడం యజమాని చేతిలోని పనులు. వీటి తరువాతే మాస్కు. ఈ వరుస సాంకేతికమైనదే కాదు, నైతికమైనది కూడా: హానిని ఆపే శక్తి ఎవరికి ఎక్కువో బాధ్యతా వారికే ఎక్కువ.

1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని, రోగిని అతని వృత్తి ఏమిటో కూడా అడగాలన్నాడు. ఆ ప్రశ్న అడగనిచోట సిలికోసిస్ క్షయగా నమోదు కావచ్చు. అప్పుడు వ్యాధితో పాటు బాధ్యత కూడా మరుగున పడుతుంది. మన సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుని ఆరోగ్య హక్కును రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగంగా గుర్తించింది.

కాబట్టి కార్మికుని సమ్మతి యజమాని కర్తవ్యాన్ని రద్దు చేయదు. క్వారీ మూయమనడం ఈ వాదన ఉద్దేశం కాదు. మూతపడితే నష్టపోయేదీ కార్మికుడే. రాయికి పెట్టే ఖర్చులో నీటికీ, యంత్రానికీ మొదటే చోటివ్వాలి. ఆ ఖర్చును తప్పించుకుంటే అది మాసిపోదు. కార్మికుని ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది.