అమ్మమ్మ వీణ

మా అమ్మాయి కొత్త వీణ కొంటానంది. ఇంట్లో ఏకాండ వీణ పెట్టుకుని బజారుకెళ్లడమేమిటే అన్నాను. కుండా, దండీ, చివర యాళి ముఖం అన్నీ ఒకే పనస మొద్దులోంచి తొలిచినవి. ఎక్కడా అతుకుండదు. బొబ్బిలిలో చేయించి మా అమ్మమ్మకి పుట్టింటివారు పెట్టారు.

"దాన్ని మోసుకుని రైలెక్కి చూడమ్మా! బిరడాలా, వానాకాలం బిగుసుకుపోతాయి, ఎండల్లో జారిపోతాయి" అంది. ఇప్పుడు దండి విడదీసి పెట్టెలో సర్దుకునే వీణలొచ్చాయట. బిరడాల బదులు గిటారుకున్నట్టు మరలు, లోపలే మైకు.

"నాదం మాటేమిటి? పాత కర్ర పాత కర్రే" అన్నాను. దానికో కథ చెప్పింది. 2012లో పారిస్ దగ్గర పదిమంది పేరున్న వయొలిన్ విద్వాంసులకి నల్లద్దాలు పెట్టి, ఆరు పాతవీ ఆరు కొత్తవీ చేతికిచ్చారట. ఆరుగురు కొత్తదాన్నే మెచ్చుకున్నారట!

నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. తరవాత ఆలోచిస్తే, ఆ వీణలో నాకు వినిపించేది కర్ర నాదమా, తీగెలతోపాటు గలగలమనే అమ్మమ్మ గాజులా? అవి మా అమ్మాయికెందుకు వినిపించాలి? అది అమ్మమ్మని చూడనే లేదు.

"పోనీ, దీనికే మరలు వేయిద్దాం" అంది. అంటే బిరడాల కన్నాలు పెద్దవి చెయ్యాలి, మైకు కోసం కుండకో కన్నం పొడవాలి. నా గుండె గతుక్కుమంది.

వయోలా అని వయొలిన్‌కి అక్కలాంటి వాద్యముంది. మన బాలమురళీకృష్ణగారు కచేరీల్లో వాయించేవారు. పూర్వం ఇటలీలో చేసిన పెద్ద పెద్ద వయోలాలు భుజాన ఆన్చుకుంటే చెయ్యి అందేవి కావు. తరవాతివాళ్లు చాలావాటి అంచులు కోసి చిన్నవి చేశారు. అలా కోసినవి ఇప్పటికీ కచేరీల్లో మోగుతున్నాయి. 1690లో స్ట్రాడివారి చేసినదొకటి మాత్రం చేసినది చేసినట్టుగా ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఉంది. కోసినవాళ్లది పాపమా, పుణ్యమా అని రెండు రోజులు ఆలోచించాను. ఒక పూట పప్పు మాడింది కూడా.

పాపమే అంటాను నేను. అవసరానికి తగ్గ కొత్తది చేయించుకోవచ్చుగా? కానీ ఆ మాట అంటూ మా వీణ వంక చూస్తే సిగ్గేసింది. గుడ్డ ముసుగు కప్పి, దసరాకి కుంకుమ పెట్టి, ఏడాదంతా మూల నిలబెట్టాను. మ్యూజియం వాళ్లు నయం, కనీసం నలుగురికీ చూపిస్తారు!

కొత్త వీణ కొన్నాం. ఊళ్లు తిరిగే కచేరీలకి అదే సరైనదని ఒప్పుకున్నాను. పాతదానికి కన్నం పొడవనివ్వలేదు. మేళం కట్టే ఆయన్ని పిలిపిస్తే, ఇరవై నాలుగు మెట్లూ ఊడదీసి కొత్త మైనంలో కూర్చోబెట్టి వెళ్లాడు.

నా వేళ్ల మీది కాయలు ఎప్పుడో మెత్తబడిపోయాయి. సరళీ స్వరాలు రెండో వరస దాటేసరికి చురుక్కుమన్నాయి. అవతల గదిలో మా అమ్మాయి మెల్లిగా తలుపు దగ్గరికి వేసుకుంది.