నరికిన మోడు చిగిర్చునా?

మూలవాక్యము : రూతు 4:10



భార్యను పోగొట్టుకొన్నవాడు గాని, భర్తను పోగొట్టుకొన్న స్త్రీ గాని మరల వివాహమాడుట చనిపోయినవారికి ద్రోహమగునా? ఈ ప్రశ్నను మన పల్లెలలో బహిరంగముగా ఎవరును అడుగరు. అరుగుల మీద గుసగుసలాడుదురు. సమాధి మన్ను ఆరక ముందే అని ఒకరినిగూర్చి చెప్పుకొందురు. ఎంతకాలమని ఏడ్చును, లేచి తన పని చూచుకొనరాదా అని మరియొకరినిగూర్చి చెప్పుకొందురు. ఈ రెండు మాటలును గాయపడిన హృదయము మీదనే పడును. కాబట్టి ఈ మాసము దీనిని వాక్యపు వెలుగులో విచారింప గోరుచున్నాము.

యోబు తన శ్రమలలో చెట్టును తలంచుకొనెను (యోబు 14:7-10). గొడ్డలి వేటు పడిన చెట్టునకైనను నీటి తడి తగిలినయెడల ఆశ యున్నదనియు, నరునికి అట్టిది లేదనియు దుఃఖించెను. ఆయన దుఃఖించినది చనిపోవు నరునిగూర్చి. దానికి క్రీస్తు పునరుత్థానమే ప్రత్యుత్తరము. మనము నేడు అడుగునది బ్రతికి మిగిలినవారినిగూర్చి. ఆ మోడు చిగిర్చునా? చిగిర్చవచ్చునా?

ఇంగ్లండు దేశములో జేన్ ఆస్టిన్ అను రచయిత్రి ఈ ప్రశ్నను ఒక నవలలో పెట్టినది. ఆమె గ్రామ సంఘ కాపరి కుమార్తె. 1775లో స్టీవెంటన్ అను పల్లెలో జన్మించెను. పెండ్లి చేసికొనలేదు. ఈ నవలను 1815, 1816 సంవత్సరములలో వ్రాసెను. అది ముగియు నాటికే ఆమె దేహము వ్యాధిచేత క్షీణించుచుండెను. 1817 జూలై 18న తన 41వ యేట మరణించెను. పుస్తకము ఆ యేడు చివర వెలువడెను. దాని పేరు 'పర్‌స్యుయేషన్', అనగా నచ్చజెప్పుట. కాపరికి నవలతో పనియేమని కొందరడుగవచ్చును. మన ప్రభువు విత్తువానినిగూర్చియు, తప్పిపోయిన కుమారునిగూర్చియు కథలు చెప్పియే బోధించెను గదా!

కథ యిది. ఆన్ ఎలియట్ అను చిన్నది పదునాలుగేండ్లకే తల్లిని పోగొట్టుకొనెను. పందొమ్మిదవ యేట వెంట్‌వర్త్ అను నౌకాదళపు యువకుని ప్రేమించి, అతనిని వివాహమాడుటకు ఒప్పుకొనెను. అతనికి ఆస్తి లేదు. తల్లికి స్నేహితురాలై, ఆమెకు తల్లివలె నున్న లేడీ రస్సెల్ ఈ సంబంధము వలదని నచ్చజెప్పగా, ఆన్ ఆ మాట విని అతనిని పంపివేసెను. ఎనిమిది సంవత్సరములు గడచెను. ఆమె ముఖకాంతి వాడెను. సొంత యింటిలోనే ఆమె మాటకు విలువ లేకపోయెను. అతడు యుద్ధములో శత్రువుల ఓడలను పట్టి, ధనవంతుడై, మనస్సులో పాత కోపము పెట్టుకొని తిరిగి వచ్చెను. తుదకు ఆ కోపము కరిగి వారిద్దరును ఏకమైరి.

అయితే మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది వారి ప్రక్కన నిలిచిన ఇద్దరు దుఃఖితుల సంగతి. మొదటివాడు బెన్విక్. తన స్నేహితుడైన హార్విల్ చెల్లెలు ఫానీని అతడు వివాహమాడవలసియుండెను. అతడు సముద్రము మీద నుండగానే ఆమె చనిపోయెను. అతడు లైమ్ అను సముద్రతీరపు చిన్న పట్టణములో హార్విల్ ఇంట చేరి, దుఃఖపు పద్యములు చదువుకొనుచు దినములు గడుపుచుండెను. పద్యములు కొంత తగ్గించి, శ్రమలను ఓర్చుకొన్నవారి చరిత్రలు చదువుమని ఆన్ అతనికి బుద్ధి చెప్పెను. అంతలో లూయిసా అను పడుచు అక్కడి రాతికట్ట మెట్ల మీదనుండి దుమికి, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పెను. హార్విల్ దంపతులు ఆమెను తమ యింటనే ఉంచుకొని వారముల తరబడి పరిచర్య చేసిరి. ఆమె కోలుకొనుచున్న కాలమున బెన్విక్ మనస్సు ఆమెవైపు తిరిగెను. ఫానీ పోయి యేడు తిరుగక ముందే పెండ్లి మాట కుదిరెను.

హార్విల్ వారితో కలహింపలేదు. అయితే ఒక సంగతి అతని హృదయమును కోసినది. బెన్విక్ తన చిన్న చిత్రపటమును ఫానీకొరకు గీయించి తెచ్చియుండెను. ఇప్పుడు అదే పటమునకు చట్రము కట్టించి లూయిసాకు అంపు పనిని ఆ చనిపోయినదాని అన్నకే అప్పగించెను! ఇందులో దోష మెక్కడ నున్నది? మరల ప్రేమించుటలో లేదని మా అభిప్రాయము. ఒకతెకొరకు చేయించిన గురుతును, ఆమె ఎన్నడును లేనట్టు, మరియొకతెకు ఇచ్చుటలో నున్నది.

ఇప్పుడు బేత్లెహేము గవినియొద్దకు రండి. నయోమి మోయాబు దేశములో భర్తను, ఇద్దరు కుమారులను పాతిపెట్టి, తన్ను 'మారా' అని పిలువుడని చెప్పుచు తిరిగి వచ్చెను. రూతు తన భర్తయైన మహ్లోనును ఆ దేశములోనే విడిచి వచ్చెను. బోయజు ఆమెను వివాహమాడిన దినమున ఏమి చేసెనో చూడుడి. పెద్దలందరి యెదుట మహ్లోను పేరును ఎలుగెత్తి పలికెను. చనిపోయినవాని పేరు అతని స్వాస్థ్యమునుండియు, ఊరి గవినినుండియు తుడుపుపడకుండునట్లు ఆమెను పెండ్లాడుచున్నానని సాక్ష్యము పెట్టెను. పుట్టిన బిడ్డను నయోమి తన కౌగిట చేర్చుకొనెను. క్రొత్త కాపురము పాత సమాధిని దాచలేదు. ఆ బిడ్డయే దావీదునకు తాత. ఆ వంశమునందే మన ప్రభువు శరీరధారియాయెను.

కాబట్టి మనకొక పరీక్ష దొరకినది. క్రొత్త యింటిలో పోయినవారి పేరును సిగ్గు లేకుండ, భయము లేకుండ పలుకగలమా? మొదటి తల్లి సంగతి బిడ్డలు సవతితల్లి యెదుట చెప్పుకొనగలరా? చనిపోయినవాని తల్లిదండ్రులు ఆ గుమ్మము త్రొక్కగలరా? అట్లయినయెడల అది ద్రోహము కాదు. ఆ పేరు ఎత్తకూడదని నోరు మూయించు ఇల్లు పదేండ్లు ఆగి కట్టినదైనను ద్రోహమే.

మరి ఎంతకాలము ఆగవలెను? వాక్యము అందరికిని ఒకే గడువు పెట్టలేదు. ఇశ్రాయేలీయులు మోషేకొరకు ముప్పది దినములు దుఃఖించి, ప్రయాణమునకు లేచిరి. శారా 127 యేండ్లకు మృతినొందెను. ఇస్సాకు 40 యేండ్లకు వివాహమాడెను. ఆమె 90వ యేట అతడు పుట్టెను గనుక, లెక్కించి చూడగా, అతడు మూడు సంవత్సరములు తల్లికొరకు దుఃఖించిన తరువాతనే రిబ్కాయందు ఆదరణ పొందెను (ఆది. 24:67). గుండె గాయమునకు అరుగుమీదివారు దినములు లెక్కింపరాదు.

ఇక్కడ మన సంఘములకు ఒక మాట. భార్య పోయిన పురుషునికి నెలలోపే సంబంధములు వెదకుదుము. పిల్లలను ఎవరు చూతురు, కూడు ఎవరు వండుదురు అందుము. భర్త పోయిన ఇరువదేండ్ల పడుచును మాత్రము మూల కూర్చుండబెట్టుదుము. పెండ్లి పందిట్లో ముందుకు రానీయము. ఆమెకు పిల్లలు లేరా? ఆమెకు కూడు అక్కరలేదా? అపొస్తలుడైన పౌలు, భర్త మృతినొందినయెడల ఆమెకు స్వాతంత్ర్యము కలదనియు, అది ప్రభువునందు మాత్రమే కావలెననియు స్పష్టముగా వ్రాసెను (1 కొరింథీ. 7:39). వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించి, దానికై ఎన్ని నిందలు సహించిరో తెలుగువారందరు ఎరుగుదురు. వాక్యము చేత పట్టుకొనిన మనము ఆయనకంటె వెనుకబడుట తగునా?

అయితే రెండవ పెండ్లియే దుఃఖమునకు మందు అని మేము చెప్పుటలేదు. ఆ నవలలోని రెండవ దుఃఖితురాలు స్మిత్ అను విధవరాలు. భర్త పోయెను, ఆస్తి పోయెను, కీళ్ల జ్వరము వచ్చి కాళ్లు పడిపోయెను. వేడినీటి స్నానములకు పేరుబడిన బాత్ పట్టణములో రెండు గదులలో కాలము గడుపుచుండెను. తనకు పరిచర్య చేసిన నర్సు వద్ద అల్లికపని నేర్చుకొని, చిన్న వస్తువులు చేసి, ఆ వచ్చిన దానితో ఇరుగుపొరుగు బీదలకు సహాయము చేయుచుండెను. ఆమె మోడు వేరొక విధముగా చిగిర్చినది. లూకా సువార్తలోని అన్న ప్రవక్త్రియు అట్టిదే. ఏడేండ్లు మాత్రమే కాపురము చేసి, మిగిలిన జీవితమంతయు దేవాలయములో గడిపి, శిశువైన యేసును కన్నులార చూచి, ఆయననుగూర్చి అందరికిని చెప్పెను (లూకా 2:36-38). నీటి తడి దేవునిది; ఏ కొమ్మ వేయవలెనో ఆయనయే నిర్ణయించును.

సంఘపు పెద్దలారా, లేడీ రస్సెల్ చెడ్డది కాదు. ప్రేమతోనే సలహా చెప్పెను. ఆ సలహాకు మూల్యముగా ఎనిమిదేండ్లు చెల్లించినది మాత్రము ఆన్. మన నోటి మాటకు ఇతరుల ఆయుష్షు ఖర్చగునని మరువకుడి. దుఃఖించువారికి దారి చెప్పక మునుపు వారినే అడుగుడి. వివాహము కోరినవారికి తోడు నిలువుడి. ఆ దినమున పోయినవారి పేరు ప్రార్థనలో తలంచుడి. ఒంటరిగా నుండ గోరినవారికి జాలి మాటలు కాదు, సంఘములో పని అప్పగించుడి. రోగి మంచము ప్రక్కన రాత్రులు మేల్కొని, తుదకు ఒంటరియైనవారిని ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మీ యింటికి భోజనమునకు పిలువుడి.

నయోమి ఒడి నింపిన దేవుడు మన మధ్యనున్న వట్టి చేతులను చూచునుగాక. ఆమేన్.