ఆడుకుంటే తప్పా?

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆడబిడ్డ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి నేను దొంగలా దొరికిపోయాను. దొంగతనమేమీ కాదు లెండి. మనవడి కంప్యూటరు ముందు కూర్చుని ఒక రాక్షసబల్లిని పరిగెత్తిస్తున్నాను.

"ఏం చేస్తున్నావు వదినా?" అంది.

గబుక్కున తెర మూసేసి, "ఏం లేదు, కరెంటు బిల్లు కడదామని..." అన్నాను.

పొద్దున్నించీ వీధి మొత్తానికీ నెట్టు లేదు. నెట్టు లేని పూట బిల్లు ఎలా కడతానని ఆవిడ అడగలేదు. అడగకుండా నవ్విన నవ్వు చూశాక నాకే తెలిసింది, చూసేసిందని. కాఫీ తాగి, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "ఈ వయసులో ఆటలేమిటి వదినా, హాయిగా విష్ణుసహస్రనామం చదువుకోక!" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన భాషలో ఆటా ఆడతాం, అబద్ధమూ ఆడతాం. నేను మొదటిది ఆడినందుకు సిగ్గుపడి రెండోది ఆడాను. ఎందుకు? అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక అరగంట ఆడుకున్నానని చెప్పడానికి నోరెందుకు రాలేదు?

మీరు కూడా ఒక్కసారి ఆలోచించి చూడండి. మన అనంతపురం పల్లెల్లో ఏ రచ్చకట్ట మీద చూసినా పులీమేకల గీతలు చెక్కి ఉంటాయి. పక్కనున్న హంపీకి వెళితే రాతి చప్టాల మీద ఆటల గళ్ళు ఈనాటికీ కనిపిస్తాయి. వేపచెట్టు కింద మగవాళ్ళు పొద్దుగూకేదాకా ఆడినా, "నీకు పని లేదా?" అని అడిగినవాళ్ళు లేరు. ఆడవాళ్ళకి మాత్రం ఆటకు ఏదో ఒక వంక ఉండాలి. పెళ్ళిలో బంతులాట, సంక్రాంతికి గొబ్బి. వంక లేకుండా కూర్చుంటే చేతిలోకి ఒక చాట వచ్చేది. కబుర్లు చెప్పుకున్నా శెనక్కాయలు ఒలుస్తూ చెప్పుకోవాలి. ఊరికే కూర్చున్న ఆడది ఇంటికి అరిష్టమన్నట్టు పెంచారు మనల్ని. ఆ పెంపకమే నాచేత ఆ రోజు బిల్లు కట్టించింది.

అయితే మా జేజి మాత్రం వేరే రకం. (జేజి అంటే మా వైపు నాయనమ్మ.) ఆమెకు ఒక వామనగుంటల పీట ఉండేది. అటు ఏడు, ఇటు ఏడు, పద్నాలుగు గుంటలు. ఒక గుడ్డ సంచీ నిండా నున్నటి చింతగింజలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎవరు దొరికితే వాళ్ళను కూర్చోబెట్టేది.

1965లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వానలు పడలేదు. ఆ కరువు మా ఒక్కరిదే కాదు. ఆ ఏడూ, తరువాతి ఏడూ దేశమంతా కరువే. అమెరికా గోధుమల కోసం కాచుకున్న రోజులు. మా అనంతపురానికి మంచి ఏడాదిలోనే సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ రాకపోతే ఇక చెప్పేదేముంది? చేలో విత్తనం మొలవలేదు, బావిలో బిందె మునగలేదు. ఒక సాయంత్రం ఇంట్లో ఏమీ లేకపోతే జేజి ఆ గుడ్డ సంచీ తెచ్చి, చింతగింజలు పెనం మీద వేయించి, పొట్టు తీసి, నానబెట్టి మాకు పెట్టింది. ఆటగింజల్ని తినేశాం. నేను ఏడ్చాను, ఆకలికి కాదు, ఆట పోయిందని.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే పీట వసారాలో వేసే ఉంది. వంకలో ఏరుకొచ్చిన గులకరాళ్ళు ఒక్కో గుంటలో ఐదేసి పెట్టి ఉన్నాయి. మా అమ్మకు కోపమొచ్చింది. "ఇంట్లో ఇట్లా ఉంటే ఆటేమిటత్తా?" అంది. జేజి తలెత్తకుండా, "ఇట్లా ఉంది కాబట్టే. రాళ్ళు తినలేం కదా, ఆడుకుందాం రా" అంది.

చాలా ఏళ్ళ తరువాత మనవడి పుస్తకంలో ఒక కథ చదివి ఉలిక్కిపడ్డాను. రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందట హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాసిపెట్టాడట. ఇప్పటి టర్కీకి పడమటి వైపున లిడియా అనే దేశం ఉండేది. అక్కడ పెద్ద కరువొచ్చింది. జనం పాచికలు, బంతులాట లాంటివి కనిపెట్టి, ఒక రోజంతా ఆకలి తెలియకుండా ఆడుతూ, మర్నాడు ఆట కట్టిపెట్టి తింటూ, అలా పద్ధెనిమిదేళ్ళు నెట్టుకొచ్చారట. అప్పటికీ కరువు తీరకపోతే రాజు జనాన్ని రెండు భాగాలు చేసి, చీట్లు వేసి, ఒక భాగాన్ని దేశం దాటించాడట. ఇది నిజమో కట్టుకథో పండితులు తేల్చుకుంటారు. నాకైతే మా జేజి కనబడింది. చీట్లు వేసి దేశం దాటించిన మాట చదివినప్పుడు, మూటలు నెత్తిన పెట్టుకుని బెంగుళూరు బస్సు కోసం నిలబడ్డ మా ఊరివాళ్ళు కనబడ్డారు.

అంచేత ఆట పనికిమాలినదని నేను ఒప్పుకోను. అలాగని ఆటలన్నీ మంచివనీ అనను. కైలాసంలో పార్వతీ పరమేశ్వరులు ఆడినదీ పాచికలే, హస్తినలో ధర్మరాజు ఆడినదీ పాచికలే. ఒక చోట వినోదం, ఇంకో చోట ద్రౌపదికి సభాపరాభవం. తేడా పాచికల్లో లేదు. ఆటను మనం ఆడుతున్నామా, ఆట మనల్ని ఆడిస్తోందా అన్నదాంట్లో ఉంది.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. రెండేళ్ళ కిందట ఫోనులో రంగురంగుల గోళీలు పగలగొట్టే ఆట ఒకటి పట్టుబడింది నాకు. పేరు చెప్పను, అలాంటివి వందలున్నాయి. "పూర్తిగా ఉచితం" అని రాసి ఉంది. మొదటి పది మెట్లూ పసిపిల్లకు గోరుముద్దలు తినిపించినట్టు గెలిపించింది. ఆ తరువాత ఒక మెట్టు దగ్గర ఆపేసి, "ఇంకా ఐదు ఎత్తులు కావాలా? ఎనభై తొమ్మిది రూపాయలే" అంది. కూరలవాడి దగ్గర ఐదు రూపాయలకు పేచీ పెట్టే నేను ఆ డబ్బు మూడుసార్లు కట్టాను. రెండుసార్లు పాలు పొంగిపోయాయి. ఒక రోజు ఫోనులో కూతురు అమెరికా నుంచి మాట్లాడుతుంటే, ఎప్పుడు పెట్టేస్తుందా అని ఎదురు చూస్తున్నానని నాకే అర్థమై, భయమేసి ఆ ఆట తీసేశాను.

ఉచితమన్న మాట వినగానే మనం చేయవలసిన పని ఒకటుంది. "మరి నీకెలా గిట్టుబాటవుతోంది నాయనా?" అని అడగాలి. వీధిలో చీరలమ్మే అతన్ని అడగమా? జవాబు మన కాలమో, మన పర్సో, మన ఇంటి గుట్టో అయితే వెనక్కి రావాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ డబ్బాటల మీద చట్టం చేసింది. చట్టం దాకా వచ్చిందంటే ఎన్ని కొంపలు మునిగి ఉంటాయో ఊహించుకోండి.

ఇహ నా జల్లెడలో మిగిలిన ఆటలు చెబుతాను. మీ ఇంట్లో పిల్లలనడిగి తెరిపించుకోండి.

మొదటిది నన్ను పట్టిచ్చిన రాక్షసబల్లే. 2014 నుంచీ గూగుల్ క్రోమ్‌లో నెట్టు పోయినప్పుడల్లా ప్రత్యక్షమవుతుంది. నెట్టు లేదంటే ఆదిమకాలానికి వెళ్ళినట్టేనని దాన్ని చేసినవాళ్ళ హాస్యం. ఎడారిలో అది పరిగెడుతుంటే, జెముడుచెట్టు అడ్డం వచ్చినప్పుడల్లా మనం గెంతించాలి. మొత్తం ఆట పూర్తి కావాలంటే సుమారు కోటీ డెబ్బై లక్షల ఏళ్ళు పడుతుందట! నాకు మాత్రం అర నిమిషంలో చెట్టు తగిలి అయిపోతుంది. కొనమనేది లేదు, పేరు చెప్పమనేది లేదు. లేమిలోనే పుట్టే ఆట కాబట్టి మా అనంతపురానికి దగ్గర చుట్టమనిపిస్తుంది.

రెండోది వర్డిల్. ఐదక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. జోష్ వార్డిల్ అనే ఆయన, తన సహచరికి పదాల ఆటలంటే ఇష్టమని ఆమె కోసం చేశాడు. 2021లో లోకానికి చూపించాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొనేసింది. మనవాళ్ళు పెళ్ళిరోజుకు మిక్సీ కొనుక్కొచ్చి సరిపెడతారు చూడండి! ఈ ఆటలో నాకు నచ్చిన గుణం రోజుకు ఒక్క మాటే ఇవ్వడం. "ఇక చాలు, పనిచూసుకో" అని ఆటే చెబుతుంది.

మూడోది రేడియో గార్డెన్. 2016లో నెదర్లాండ్స్ వాళ్ళు పెట్టారు. తెర మీద భూగోళం, దాని నిండా పచ్చటి చుక్కలు. ఏ చుక్క మీద ఆపితే ఆ ఊరి రేడియో పలుకుతుంది. వంట చేస్తూ ఒక రోజు ఐస్‌లాండ్ పాట విన్నాను. మాట అర్థం కాలేదు, తాలింపు మాత్రం మాడలేదు. విండోస్వాప్ అని ఇంకొకటుంది. 2020లో ఇళ్ళల్లో బందీలై ఉన్నప్పుడు సింగపూరులోని ఒక జంట పెట్టారు. ఎక్కడో ఎవరో తమ కిటికీలోంచి కనిపించేది వీడియో తీసి పంపితే, మనం మన ఇంట్లోంచి చూడవచ్చు. వాన పడుతున్న కిటికీ దొరికిందంటే నేను వంటింట్లోకి వెళ్ళను.

నాలుగోది ఇన్ఫినిట్ క్రాఫ్ట్. నీల్ అగర్వాల్ అనే కుర్రాడు 2024లో పెట్టాడు. మొదట నీరు, నిప్పు, గాలి, భూమి నాలుగే ఇస్తారు. ఒకదాని మీద ఒకటి పెడితే కొత్తది పుడుతుంది. భూమికి నీరు కలిపితే మొక్క వచ్చింది. భూమికి గాలి కలిపితే దుమ్ము వచ్చింది. మా జిల్లా చరిత్రంతా రెండు ఎత్తుల్లో తేలిపోయింది.

ఐదోది ఫ్రీరైస్. జాన్ బ్రీన్ అనే అమెరికా ఆయన కొడుకు చదువు కోసం మాటల పరీక్ష తయారు చేసి, 2007లో అందరికీ తెరిచిపెట్టాడు. ఒక మాటకు సరైన అర్థం చెబితే మొదట్లో పది బియ్యపు గింజల లెక్కన ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమానికి చేరేవి. ఆ ఖర్చు ప్రకటనలిచ్చేవాళ్ళది. పది గింజలు ఎవరి కడుపు నింపుతాయని మీరు నవ్వవచ్చు. కానీ ఆటగింజల్ని తిని పెరిగిన దాన్ని నేను. ఆడితే గింజలు రాలే ఆట ఒకటుందని తెలిసిన రోజున జేజికి చెప్పాలనిపించింది.

ఇంత చెప్పాక ఒక ముల్లు మాత్రం నాలో మిగిలింది. దాన్ని దాచను. నా అరగంట ఎక్కడినుంచి వచ్చింది? మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి తోమడం వల్ల వచ్చింది. ఆమెది కళ్యాణదుర్గం వైపు పల్లె. బోర్లు ఎండిపోతే మొగుడూ పెళ్ళామూ ఊరు విడిచి వచ్చారు. ఆటలు అందరికీ ఉచితమంటాను గానీ, కంప్యూటరూ నెట్టూ కాస్త తీరికా కొనుక్కున్నవాళ్ళకే ఆ ఉచితం. ఆడుకోవడం తప్పు కాదు. ఆడుకునే హక్కు నాకొక్కదానికే ఉందనుకోవడం తప్పు.

మొన్న మళ్ళీ నెట్టు పోయింది. ఆమె చేతులు తుడుచుకుని వెళ్ళబోతుంటే పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, బల్లిని చూపించాను. "నాకేటికమ్మా ఇవి, ఇంకో రెండిండ్లుండాయి" అంటూనే కూర్చుంది. మూడోసారికే నా లెక్క దాటేసింది. పళ్ళు బిగబట్టి, కొంగు దోపుకుని, చిన్నపిల్లలా ఆడింది. కాసేపయ్యాక తెర వంక చూస్తూ, "ఇది మా చేను మాదిరే ఉండాది కదమ్మా. ఎంత దూరం పోయినా జెముడుచెట్లే. ఈడ వాన పడదా?" అంది.

"నెట్టు వస్తే ఈ ఆట ఉండదు" అన్నాను.

"అయితే వానొచ్చేదాకా ఆడదామ్మా" అని మళ్ళీ మీట నొక్కింది.

అప్పుడే గుమ్మంలో మా ఆడబిడ్డ నిలబడి ఉంది. ఈసారి నేను తెర మూయలేదు. "రా, కూర్చో. తరువాత వంతు నీదే" అన్నాను.