సన్నాహమూ శరణాగతీ

చెన్నై నుంచి అరక్కోణం వెళ్లే లోకల్ రైలు తిరువళ్ళూరు దాటిన కాసేపటికి కడంబత్తూరులో ఆగుతుంది. ఊరు చిన్నదే గాని, దాని చుట్టూ ఉన్న క్షేత్రాలు పెద్దవి. ఒకవైపు వీరరాఘవస్వామి పవళించిన తిరువళ్ళూరు, పడమట శివుడు నాట్యమాడిన తిరువాలంగాడు, ఇంకాస్త పైకి పోతే సుబ్రహ్మణ్యుడి తిరుత్తణి, దక్షిణాన రామానుజులు పుట్టిన శ్రీపెరుంబుదూరు. ఆడికృత్తికకు కావడి భుజాన వేసుకుని తిరుత్తణికీ, పెరటాసి నెలలో గోవింద నామాలతో తిరుమలకూ నడిచే జనం ఈ ప్రాంతపు రోడ్ల మీద ఏటా కనిపిస్తారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. హద్దు మారినా ఇక్కడి ఎన్నో ఇళ్లలో తెలుగు మారలేదు. కొండ మీది దేవుడు ఇప్పటికీ రెండు భాషల్లో మొక్కులు అందుకుంటున్నాడు. ఇలా నడకనే పూజగా చేసుకున్న నేల మీద, ఈ మధ్యే పుట్టిన ఒక ఆటను ముందు పెట్టుకుని పాత ప్రశ్న ఒకటి అడగాలనిపిస్తుంది. దూరప్రయాణానికి మనిషి ఎంతవరకు సిద్ధపడాలి, ఎక్కడినుంచి దైవానికి వదిలెయ్యాలి?

ఆ ఆట గ్రావెల్ సైక్లింగ్. తారు రోడ్డు వదిలి కంకర దారుల్లో, మట్టి బాటల్లో వందల కిలోమీటర్లు తొక్కడం. గుడారం, దుప్పటి, తిండి, పనిముట్లు సైకిలుకే కట్టుకుని రోజుల తరబడి సాగితే దాన్ని బైక్‌ప్యాకింగ్ అంటారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2006లో మొదలై ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్ అని పిలిపించుకుంటున్న పోటీలో ప్రధాన దూరం 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్ల పైమాటే. కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా రాకీ పర్వతాల వెంబడి సాగే టూర్ డివైడ్ నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. దానికి ప్రవేశ రుసుమూ లేదు, బహుమతీ లేదు. మన దగ్గర చెన్నై, హైదరాబాదు క్లబ్బులు నడిపే బ్రెవేలు అనే దూరపు సైకిలు యాత్రలు ఎక్కువగా తారు రోడ్డు మీదే జరిగినా, వాటి స్వభావం ఇదే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. గడువులోపు చేరినవాళ్లంతా సమానమే, మొదటివాడు చివరివాడు అన్న లెక్క ఉండదు. టూర్ డివైడ్‌లోనూ బ్రెవేల్లోనూ పట్టుదలగా పాటించే నియమం స్వావలంబన. తన బరువు తానే మొయ్యాలి, గాలిపోతే తానే పంక్చరు వేసుకోవాలి, వెనకాల కారు పెట్టుకుని దారిపొడుగునా సాయం అందుకోకూడదు.

మొదటి చూపులో ఈ నియమం మతం చెప్పేదానికి పూర్తిగా ఎదురు. మతం నువ్వొక్కడివే చెయ్యలేవంటుంది, ఆట నువ్వొక్కడివే చెయ్యాలంటుంది. నిజానికి మతం లోపల కూడా ఈ పేచీ ఉంది, అది బాగా పాతది. రామానుజుల తర్వాతి తరాల్లో శ్రీవైష్ణవం సరిగ్గా ఇక్కడే రెండు పాయలైంది. వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలై వారు మర్కటకిశోర న్యాయం చెప్పారు. తల్లికోతి కొమ్మ నుంచి కొమ్మకు దూకుతున్నప్పుడు పిల్ల దాని పొట్టను గట్టిగా పట్టుకునే ఉండాలి. ఆ పట్టు ఎంత చిన్నదైనా జీవుడి వైపు నుంచి రావాల్సిందే. పిళ్ళై లోకాచార్యుల దారిలోని తెన్గలై వారు మార్జాలకిశోర న్యాయం చెప్పారు. తల్లిపిల్లి మెడ కరుచుకుని మోసుకుపోతుంది, పిల్ల చెయ్యాల్సిందేమీ లేదు. తిరువళ్ళూరు ఆలయం వడగలై సంప్రదాయానికి చెందిన అహోబిల మఠం అధీనంలో ఉంది; ఆ మఠానికి మూలస్థానం మన నంద్యాల జిల్లా అహోబిలం. కాబట్టి కడంబత్తూరు పరిసరాల్లో ఇది పండితులు పుస్తకాల్లో దాచుకున్న చర్చ ఒక్కటే అనుకోనక్కర్లేదు, గుడి నడవడికలోనే ఉన్న విషయం.

ఈ రెండు పక్షాల మధ్య తీర్పు చెప్పడం నా పని కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: నిజాయితీగా చేసిన సన్నాహం శరణాగతికి అడ్డు రాదు, అసలు అదే శరణాగతికి అర్హత తెస్తుంది. ప్రపత్తికి, అంటే శరణాగతికి, పెద్దలు ఆరు అంగాలు చెప్పారు. వాటిలో కార్పణ్యం ఒకటి. నా శక్తి చాలదన్న ఎరుక అది. ఈ ఎరుక ఎవరికి కలుగుతుందో ఆలోచించాలి. ఏ అభ్యాసమూ లేకుండా, చక్రంలో గాలి కూడా చూసుకోకుండా బయలుదేరి, దేవుడే చూసుకుంటాడనేవాడికి తన శక్తి ఎంతో తెలియదు. తెలియనిదాన్ని చాలదని ఎలా అంటాడు? అతను దేవుడి మీద వేస్తున్నది తన బద్ధకపు బరువు. నెలల తరబడి తొక్కి, ఎన్ని కిలోమీటర్లకు తొడలు పట్టేస్తాయో, ఏ వేళకు నిద్ర ముంచుకొస్తుందో, ఏ ఎండకు ఒళ్లు తిరుగుతుందో కనిపెట్టినవాడికి తన హద్దు చేతితో తడిమినంత స్పష్టంగా తెలుస్తుంది. ఆ హద్దు దగ్గర నిలబడి అతను నా వల్ల కాదంటే ఆ మాటలో సత్యం ఉంటుంది.

శరీరశాస్త్రం కూడా ఇదే చెబుతుంది. సాధన అంటే కండను రోజురోజుకీ పెంచుకోవడమని బయటివాళ్లు అనుకుంటారు. తొక్కుతున్నప్పుడు కండ పెరగదు, అలసిపోతుంది, సూక్ష్మంగా దెబ్బతింటుంది. మరమ్మతు జరిగేది విశ్రాంతిలో, ముఖ్యంగా నిద్రలో. అందుకే తెలిసిన శిక్షకులు పెద్ద ప్రయాణానికి ముందు వారం పది రోజులు దూరం తగ్గించమంటారు. ఎండకు ఒళ్లు అలవాటుపడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆ గడువును ఎంత పట్టుదల ఉన్నవాడైనా రెండు రోజులకు కుదించలేడు. చెమట ఎక్కువగా పోసినప్పుడు ఉప్పు లేకుండా నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మరీ తక్కువా మరీ ఎక్కువా కాని తిండీ నిద్రా ఉన్నవాడికే యోగం ఫలిస్తుందని గీత ఆరో అధ్యాయం చెప్పింది ఈ లెక్కే. అంటే సన్నాహంలో సగం మనం చేసేది, మిగతా సగం మనం పక్కకు తప్పుకుంటే జరిగేది. స్వావలంబనకు పరాకాష్ఠ అనుకునే సాధనలోనే ఇంత అందుకోవడం దాగి ఉంది.

గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు లెక్కపెడుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. సైకిలు భాషలో చూస్తే అధిష్ఠానం శరీరం, కర్త తొక్కేవాడు, కరణాలు ఇంద్రియాలతో పాటు సైకిలూ పనిముట్లూ, చేష్టలు అభ్యాసమంతా. దైవం చివర వస్తుంది, కానీ తప్పకుండా వస్తుంది. ముందరి నాలుగూ పూర్తిచేయకుండా ఐదోదాన్ని పిలిచే హక్కు లేదు. నాలుగూ పూర్తిచేసినంత మాత్రాన ఐదోది మన చెప్పుచేతల్లోకి రాదు. 2013లో యూరప్ ఖండాన్ని దాటే ట్రాన్స్‌కాంటినెంటల్ రేసును స్థాపించిన మైక్ హాల్ ఈ ఆటలో అందరికన్నా సన్నద్ధుడని పేరు పొందినవాడు. 2017 మార్చిలో ఆస్ట్రేలియాలో ఇండియన్ పసిఫిక్ వీల్ రేసు తొక్కుతూ, కారు ఢీకొని చనిపోయాడు. ఇలాంటి మరణాన్ని చూసి సన్నాహం వ్యర్థమనడం ఎంత పొరపాటో, ఆయన ఏదో తక్కువ చేసి ఉంటాడని వెతకడం అంత క్రూరం. సన్నాహం ఫలాన్ని కొనిపెట్టే డబ్బు కాదు. మన వంతు మనం ఎగ్గొట్టలేదని చెప్పుకోగలిగే నిజాయితీ మాత్రమే దాని వల్ల దక్కేది.

సామాను సర్దుకోవడంలోనూ ఇదే పాఠం ఉంది. బైక్‌ప్యాకింగ్‌కు కొత్తగా దిగినవాళ్లు అన్నీ మోసుకుపోవాలని చూస్తారు. ప్రతి భయానికీ ఒక వస్తువు దొరుకుతుంది, ప్రతి వస్తువుకూ ఒక బరువుంటుంది, ఎత్తు వచ్చేసరికి ఆ బరువంతా కాళ్ల మీదే పడుతుంది. అయ్యప్ప దీక్షలో ఇరుముడి కట్టే పద్ధతి దీనికి ఎంతో లోతైన జవాబు. ముందరి ముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయ, పూజాద్రవ్యాలు. వెనక ముడిలో దారి బత్తెం. వెనక ముడి దారిలో ఖర్చయిపోవడానికే ఉంది, ముందు ముడి చేరవలసిన చోటికి చెక్కుచెదరకుండా చేరడానికి ఉంది. నలభై ఒక్క రోజుల దీక్షలో మనిషి తన అవసరాలను తగ్గించుకుంటాడు కాబట్టే బరువంతా ఒక తలమీద ఇమిడిపోతుంది. తిరుత్తణి కావడికి ముందు ఉపవాసాలూ నియమాలూ పాటించేవాళ్లు చేసేదీ ఇదే. అవసరం తగ్గించుకోవడం కూడా సన్నాహమే. బహుశా అదే దానిలో కష్టమైన భాగం. అన్నీ ఉంటేనే బయలుదేరతాననేవాడు సన్నద్ధుడు కాడు, భయస్థుడు.

స్వావలంబన నియమంలో పైకి కనిపించని మరో అంశం ఉంది. టూర్ డివైడ్ లాంటి ప్రయాణాల్లో తనకోసం ముందుగా ఏర్పాటు చేసుకున్న సాయం పనికిరాదు, కానీ దారిన పోయే ఎవరికైనా సమానంగా దొరికే అంగడి, బస, సైకిలు షాపు వాడుకోవచ్చు. నిషేధం సాయం మీద లేదు, ప్రత్యేక హక్కు మీద ఉంది. మన చలివేంద్రానికి ఆధారమైన ధర్మం ఇదే. కుండలో నీళ్లు పోసి పెట్టినవాడు ఎవరు తాగుతారో అడగడు, తాగేవాడు నాకు ఇంకో గ్లాసు ఎక్కువ రావాలనడు. పాదయాత్రికులకు మజ్జిగా అన్నమూ పెట్టే పందిళ్లు కూడా అంతే. అందరికీ తెరిచి ఉన్నదాన్ని అందుకోవడంలో అవమానం లేదు, అహంకారమూ లేదు. గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని రామానుజులు గోపురం ఎక్కి అందరికీ వినిపించారని సంప్రదాయం చెప్పే కథలో కూడా కృప అంటే కొందరి సొంత సొత్తు కాదన్న తీర్మానం ఉంది.

ఇక తిరువళ్ళూరు స్థలపురాణం ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కిస్తుంది. శాలిహోత్ర మహర్షి ఏడాది పాటు ఉపవాసం చేసి, వ్రతం ముగిశాక పిండివంట సిద్ధం చేసుకుని అతిథి కోసం ఎదురుచూశాడు. ఒక ముసలి బ్రాహ్మణుడు వచ్చి అతిథి భాగమూ తిన్నాడు, ఆకలి తీరలేదని ఋషి భాగమూ తిన్నాడు. ఋషి మళ్లీ ఏడాది ఉపవాసానికి కూర్చున్నాడు, మళ్లీ అదే జరిగింది. ఈసారి అతిథి పడుకోవడానికి చోటడిగితే తన కుటీరమే చూపించాడు. అక్కడ పవళించినవాడు స్వామి. ఋషి సన్నాహంలో లోపం లేదు. అయినా ఆ సన్నాహాన్ని తనకోసమే దాచుకోలేదు. కంకర దారిలో సొంత ట్యూబు, సొంత నీళ్లు, సొంత తిండి ఉన్నవాడే ఆగిపోయిన మరొకడికి ఏదైనా ఇవ్వగలడు. సిద్ధపడకుండా వచ్చినవాడు ఎంత మంచివాడైనా ఇతరులకు భారమే అవుతాడు. స్వావలంబన ఒంటరితనం కోసం కాదు, ఇవ్వగలిగే స్థితి కోసం.

దీనికి మార్జాల పక్షం నుంచి గట్టి ఆక్షేపణ వస్తుంది. నేను సిద్ధపడ్డాను కాబట్టి అర్హుణ్నన్న ఆలోచనే అహంకారం కదా, కృప అర్హతను చూస్తే అది కృప ఎలా అవుతుంది? న్యాయమైన ప్రశ్న. సేక్కిళార్ పన్నెండో శతాబ్దంలో రాసిన పెరియ పురాణంలో శివభక్తుడు అప్పర్ కథ దీనికి జవాబు చెబుతుంది. తిరువాలంగాడు వంటి ఈ ప్రాంతపు క్షేత్రాలను సేవించి, కాళహస్తి, శ్రీశైలం మీదుగా తెలుగునేల దాటి ఆయన కైలాసానికి బయలుదేరాడు. పాదాలు అరిగిపోతే చేతుల మీద, చేతులు పోతే రొమ్ము మీద పాకాడు. శివుడు మారువేషంలో వచ్చి వెనక్కి పొమ్మన్నాడు, వినకపోతే కొలనులో మునగమన్నాడు. మునిగిన అప్పర్ తిరువయ్యారులో తేలి, అక్కడే కైలాస దర్శనం పొందాడు. దర్శనం అలా పాకినందుకు కూలి అయి ఉంటే కైలాసంలోనే దొరకాలి. దొరికింది వేరే చోట, బయలుదేరిన దేశంలోనే. కాబట్టి ప్రయత్నం కృపకు కారణం కాదని తెన్గలై వారు అనడం సబబే. అయితే ప్రయత్నం చివరంటా సాగింది గనకే ఇది తన బలంతో వచ్చింది కాదని అప్పర్‌కు సందేహం లేకుండా తెలిసింది. సన్నాహం కృపను సంపాదించిపెట్టదు; వచ్చినది కృపేనని గుర్తుపట్టే కన్ను ఇస్తుంది. అర్హత అని నేను ఇందాక అన్నది ఈ అర్థంలోనే.

రెండో ఆక్షేపణ సమాజం వైపు నుంచి వస్తుంది. లక్ష రూపాయల సైకిలెక్కి కావాలని కష్టపడటం తపస్సా? పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారకముందే సైకిలు తొక్కే మనిషి కష్టం ముందు ఇది విలాసం కాదా? విలాసమే, ఎంచుకున్న కష్టానికి బతుకు కష్టం ముందు ఏ గొప్పా లేదు. గీత పదిహేడో అధ్యాయం సత్కారం కోసం, డంబం కోసం చేసే తపస్సును రాజసమంది, మూర్ఖంగా ఒంటిని హింసించుకోవడాన్ని తామసమంది. ఫొటోల కోసం తొక్కేవాడు మొదటిదానిలో, మోకాలు పోతున్నా ఆగనివాడు రెండోదానిలో పడతాడు. అయినా తిండి ఉన్నవాడు ఏకాదశి ఉపవాసం ఎందుకు చేస్తాడో ఆ కారణానికే ఈ సాధనకూ విలువ ఉంది. ఆకలి ఎలా ఉంటుందో తెలిసినవాడికి ఆకలిగొన్నవాడు కనిపిస్తాడు. కనిపించకపోతే ఆ ఉపవాసమూ వృథా, ఈ తొక్కుడూ వృథా.

దైవానికి వదిలెయ్యమంటే జనం చేతులు ముడుచుకుని కూర్చుంటారన్న మూడో ఆక్షేపణ కొత్తదేమీ కాదు. ఇలాంటిదే అయిన, వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా, 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసమే రాశారు. అది 1908లో అచ్చయింది. కర్తవ్యాన్ని ఎగ్గొట్టేవాడికి శరణాగతి ఒక సాకు కావచ్చు, కానీ ఆ సాకును బట్టి శరణాగతిని కొలవకూడదు. దూరపు దారికి సిద్ధపడేవాడికి నేను చెప్పేది ఇంతే. నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి, నిద్రను గౌరవించాలి, అవసరాలు తగ్గించుకోవాలి, ఇంకొకడికి ఇవ్వడానికి ఒక ట్యూబు అదనంగా పెట్టుకోవాలి. ఇదంతా చేసినవాడు బయలుదేరేముందు దేవుడికి దండం పెట్టుకుంటే ఆ దండం తన పని తప్పించుకోవడానికి పెట్టింది కాదు, తన పని పూర్తిచేసినవాడు పెట్టింది. ప్రయత్నమా ప్రపత్తా అని రెంటిలో ఒకటి ఎంచుకోమనేవాళ్లకు ఆ మనిషి ఆచరణే సమాధానం.