ఎన్నికల ప్రకటనలు – మన సాక్ష్యం

ఎన్నికల నగారా మోగగానే మన వీధుల రూపమే మారిపోతుంది. గోడల మీద, ఆటోల వెనుక, దినపత్రిక మొదటి పుటలో, చేతిలోని ఫోనులో ఎటు చూసినా చేతులు జోడించి నవ్వే ముఖాలే. ప్రచార రథం నాలుగు రోజులు సందులో తిరిగితే చాలు, అందులోని పాట పసిపిల్లల నోటికి సైతం వచ్చేస్తుంది. ఇంతటి హోరు మధ్య ఓటు వేయడానికి బయలుదేరే ముస్లిం అసలు ఏ పని మీద వెళుతున్నట్లు?

మన ధార్మిక పండితులు పలువురు ఓటును షహాదత్‌గా, అంటే సాక్ష్యంగా పరిగణించారు. ఈ బాధ్యతకు ఈ వ్యక్తి అర్హుడని మనం ఇచ్చే సాక్ష్యమది. విశ్వాసులు న్యాయం కోసం నిలబడాలనీ, తమకు గానీ తల్లిదండ్రులకు గానీ బంధువులకు గానీ నష్టం కలిగినా సరే నిజమైన సాక్ష్యమే ఇవ్వాలనీ దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 135వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు. మరి సాక్షికి ఉండవలసిన మొదటి అర్హత ఏమిటి? తాను చెప్పే విషయం తనకు తెలిసి ఉండటం. “నేను చూడలేదండీ, కానీ వందసార్లు విన్నాను, పాట కూడా బాగుంది” అని బోనులో నిలబడి చెప్పే సాక్షిని ఏ న్యాయమూర్తి నమ్ముతాడు?

ప్రచార ప్రకటన మనల్ని అలాంటి సాక్షిగానే తయారు చేస్తుంది. తెలియని మనిషిని తెలిసినవాడిలా భ్రమింపజేస్తుంది. ఒకే మాటను పదే పదే వింటే అది నిజమేనన్న భావన మనసులో బలపడుతుందని మనోవిజ్ఞాన పరిశోధకులు 1977లోనే ప్రయోగపూర్వకంగా చూపారు. అందుకే పార్టీలు కొత్త మాట కోసం కాక, పాత మాటనే వెయ్యిసార్లు వినిపించడం కోసం డబ్బు ఖర్చు పెడతాయి. అభ్యర్థి ఖర్చుకు చట్టంలో పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకు లేదు!

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు కుప్ప దగ్గర ఆగారు. కుప్పలోకి చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఏమిటిది అని అడిగారు. వానకు తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. అయితే జనానికి కనిపించేలా దాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు. మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనం బియ్యం కొట్టుకూ పాల వ్యాపారికీ అన్వయిస్తాం గానీ, ఎన్నికల గోడపత్రికకు ఎందుకో అన్వయించం. అక్కడ కూడా పైన ఉన్నవి పొడి గింజలే.

టీవీ ప్రకటనల సంగతికి వస్తే, దేశమంతటికీ వర్తించే నిబంధన మన తెలుగు నేల మీది వ్యాజ్యం నుంచే పుట్టింది. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలపై ఉన్న నిషేధాన్ని 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తోసిపుచ్చింది. జెమిని టీవీ ప్రతివాదిగా ఉన్న ఆ వివాదంలో సుప్రీంకోర్టు అదే ఏడాది ఏప్రిల్ 13న ఉత్తర్వు ఇస్తూ, ముందుగా ఎన్నికల సంఘం ఏర్పాట్ల ప్రకారం ధృవీకరణ పొందాకే అలాంటి ప్రకటనలు ప్రసారం చేయాలన్నది. మంచిదే. కానీ ఆ ధృవీకరణ నియమావళికి సంబంధించినది. ప్రకటనలోని వాగ్దానం నెరవేరుతుందని ఎవరూ పూచీ పడలేదు.

ప్రకటనలు ఎల్లప్పుడూ గెలుస్తాయనీ కాదు. అదే 2004లో ‘భారత్ వెలిగిపోతోంది’ అంటూ అప్పటి కేంద్ర ప్రభుత్వం భారీగా ప్రచారం చేసింది, అయినా అధికార కూటమి ఓడిపోయింది. కారణాలు అనేకం. అయితే తన బావిలో నీరుందో లేదో తనకే తెలిసిన రైతుకు వెలుగుల బొమ్మ చూపి ఒప్పించడం కష్టమని మాత్రం తేలింది.

ఇది ప్రకటన అని తెలిస్తే మనిషి కాస్తయినా జాగ్రత్త పడతాడు. వార్త వేషంలో వస్తే? 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసిన జాడ్యంపై ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక ఇచ్చింది. నేడు ఆ పని వాట్సాప్ చేస్తున్నది. హుజురాత్ సూరా 6వ ఆయత్ దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించి చూడమంటోంది. తెచ్చినవాడెవడో కూడా తెలియని వీడియో విషయంలో ఇంకెంత విచారణ అవసరం! దాన్ని మన కుటుంబ గ్రూపులో పంపితే మనమూ ఆ ప్రచారానికి జీతం లేని నౌకర్లమే. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని ప్రవక్త (స) బోధించారు.

ఇక మనల్ని ప్రత్యేకంగా ఉద్దేశించి చేసే ప్రచారం ఒకటుంది. మమ్మల్ని గెలిపించకపోతే మీ మసీదులు దక్కవు, మీ ధర్మం నిలవదు అంటారు. కొన్ని భయాలకు ఆధారం ఉండవచ్చు, కాదనం. కానీ భయపెట్టేవాడు రోడ్డు, బడి, ఆసుపత్రి గురించి జవాబు చెప్పే పని తప్పించుకుంటాడు. మతం పేరిట ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అక్రమం, 2017 జనవరి 2న సుప్రీంకోర్టు దాని పరిధిని ఇంకా విస్తృతపరిచింది. ఇతరులు మనకు వ్యతిరేకంగా అలా అడిగితే మండిపడతాం. మన పేరుతో ఎవరైనా అడిగినప్పుడు తల ఊపడం ఏ న్యాయం?

తడిసిన గింజలను పైకి తెమ్మని చట్టం కూడా కొంతవరకు ఆదేశించింది. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసుల ప్రమాణపత్రం ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, క్రిమినల్ కేసులున్న అభ్యర్థి ఆ సంగతిని ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీలో తానే ప్రకటించాలి. రంగులూ నవ్వులూ లేని ఆ ప్రకటనను మన ఇళ్లలో ఎందరు చదివారు? ఫోను వాడటం తెలిసిన అమ్మాయో అబ్బాయో ఇషా నమాజు తర్వాత ఆ ప్రమాణపత్రాన్ని బిగ్గరగా చదివితే నానీ, దాదీలతో సహా అందరూ వింటారు. ఇంటి పెద్ద ఎవరికి వేయమంటే అందరూ వారికే వేయడం కూడా మన ఇళ్లలో ఉంది. సాక్ష్యం ఎవరిది వారిదే, స్త్రీ ఓటుకు ఆమే జవాబుదారు.

పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు బహిరంగ సభలు, మైకులు ఆగిపోతాయి. వీధి నిశ్శబ్దమవుతుంది గానీ ఫోను ఆగదు. దాన్ని పక్కన పెట్టి, తెలిసినవారితో సలహా సంప్రదింపులు జరిపి, రెండు రకాతుల ఇస్తిఖారా నమాజు చేసుకోవడానికి ఆ రెండు రాత్రులు సరిపోతాయి.