ప్రకృతి సాక్షియా, న్యాయమూర్తియా?

తాల్‌బగీచా అంటే తాటితోపు. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఆ పేటలో, వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక తెలుగు పెద్దాయన నన్నొకనాడు అడిగారు: "బాబూ, చరిత్ర చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు. మగవాడు మగవాణ్ణి కోరడం ప్రకృతి విరుద్ధం కాదూ?" వారి బంధువుల బిడ్డ ఒకడు ఈ కారణంగానే ఇల్లు విడిచిపోయాడు.

ఆ మాట వెనుక ఒక చట్టమున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 377వ సెక్షను "ప్రకృతి క్రమానికి విరుద్ధమైన" సంగమాన్ని నేరమన్నది. ఆ క్రమమేదో మాత్రం నిర్వచించలేదు. ప్రకృతిని సాక్షిగా పిలిచి, సాక్ష్యం వినకుండానే శిక్ష వేసినట్లయింది. వయోజనుల పరస్పర సమ్మతి గల సంబంధాలకు అది వర్తించదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి ప్రకృతి చెప్పే సాక్ష్యమేమిటి? 1911-12లో అంటార్కిటికాలో పెంగ్విన్లను పరిశీలించిన వైద్యుడు లెవిక్, మగపక్షుల మధ్య సంగమాన్ని చూసి, సామాన్యులు చదవకుండా గ్రీకు లిపిలో రాసుకున్నాడు. హవాయిలోని ఓహు దీవిలో ఆల్బట్రాస్ జంటలలో 31 శాతం రెండు ఆడపక్షులవేనని 2008లో వెలువడిన పరిశోధన తెలిపింది. అవి కలిసి పిల్లలను పెంచుతాయి. ఏళ్ల తరబడి కందిరీగలను సేకరించి వాటి వైవిధ్యాన్ని గమనించిన ఆల్ఫ్రెడ్ కిన్సే, 1948లో మానవ ప్రవర్తననూ అదే దృష్టితో చూశాడు. ఆయన ఎంచుకున్న నమూనాలపై విమర్శలు వచ్చినా, మనుషులను రెండే వర్గాలుగా విడదీయలేమన్న ఆయన ఆలోచన నిలిచింది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగానురక్తిని వ్యాధుల పట్టికనుండి తొలగించింది.

అయితే ఈ సాక్ష్యంతోనే వాదం ముగించడం తగదు. కొండముచ్చుల గుంపును వశపరచుకున్న మగది పసికూనలను చంపడం మన దేశంలోనే శాస్త్రజ్ఞులు గమనించారు. అది సహజమే, ధర్మమని ఎవరూ అనరు. రైలుబండి ప్రకృతిలో లేదు. అధర్మమని ఎవరూ అనరు. ఖరగ్‌పూర్‌లోని తెలుగువారికి తరతరాలుగా అన్నం పెట్టింది ఆ రైలే కదా!

కనుక ప్రకృతి సాక్షి మాత్రమే, న్యాయమూర్తి కాదు. ధర్మం అడిగే ప్రశ్నలు వేరు: ఇందులో ఇద్దరి సమ్మతి ఉన్నదా? ఎవరికైనా హాని కలిగిందా? ఇల్లు విడిచిన ఆ బిడ్డ విషయంలో హాని జరిగినది అతనికే. దానిని సరిదిద్దగలిగినది న్యాయస్థానం కాదు, అతని ఇల్లే. పెద్దాయనకు నేను చెప్పిన సమాధానం ఇదే.