అందుబాటు

ఓడ ఎక్కడానికి ముందు వారం రోజులు నేను చదివింది ఒక్కటే విషయం. సముద్రం మీద ఫోన్ బిల్లు తడిసి మోపెడవకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? హ్యూస్టన్‌లో ఉండే మాలాంటివాళ్ళకి గాల్వెస్టన్ రేవు గంట దూరం. అక్కణ్ణించి ఆదివారం బయల్దేరి, రోటాన్, బెలీజ్, కొజుమెల్ చూపించి, మళ్ళీ ఆదివారం పొద్దున్నే తెచ్చి దింపేస్తారు. అంతకుముందు వెళ్ళొచ్చిన స్నేహితులందరూ తిండి గురించి తలో మాటా చెప్పారు కానీ, ఫోన్ గురించి మాత్రం అందరిదీ ఒకే మాట: "ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టెయ్. మర్చిపోయావో, అయిపోయావ్."

వాళ్ళ భయం ఉత్తిది కాదు. తీరం దాటాక మన ఫోన్ ఓడలోనే అమర్చిన చిన్న టవర్‌ని పట్టుకుంటుంది. తెర మీద మన కంపెనీ పేరు పోయి 'సెల్యులర్ ఎట్ సీ' లాంటి పేరొకటి వస్తుంది. మన మాట అక్కణ్ణించి ఉపగ్రహానికి వెళ్ళి, మళ్ళీ నేలకి దిగుతుంది. పాత పద్ధతి ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఈ మధ్య వచ్చిన స్టార్‌లింక్‌వి దాదాపు 550 కిలోమీటర్లలోనే తిరుగుతాయి కాబట్టి ఓడల్లో వైఫై బాగుపడింది. కానీ ఓడ టవర్ మీద మాట్లాడే నిమిషం మాత్రం ఇంకా డాలర్లలోనే ఉంది. విదేశాలకి వెళ్ళినప్పుడు రోజుకింత అని కట్టే పాస్‌లు చాలావరకు నేల మీదే పనిచేస్తాయి, నీళ్ళ మీద కాదు. మనం ఫోన్ ముట్టుకోకపోయినా అది ఊరుకోదు. ఫొటోలు ఎక్కిస్తూ, యాప్‌లు సరిచేసుకుంటూ తన పని తను చేసుకుపోతుంది. అందుకే రోమింగ్ ఆపాలి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాలి, ఆ తర్వాత ఒక్క వైఫై మాత్రం తెరవాలి. డబ్బు కట్టకపోయినా ఓడవాళ్ళ సొంత యాప్ పనిచేస్తుంది. ఏ పూట ఎక్కడ భోజనమో, ఏ అంతస్తులో ఏ ఆటో చూసుకోవచ్చు. బయటి ప్రపంచం కావాలంటే ఒక్కో ఫోన్‌కి రోజుకి ఇరవై డాలర్లు, అటూ ఇటూగా. నా ప్లాన్‌లో మెక్సికో ఉచితం కాబట్టి శుక్రవారం కొజుమెల్‌లో దిగేదాకా ఆగితే పైసా ఖర్చు లేదు.

ఆగుదాం అన్నాను. పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. మా ఆవిడ "ఒక్క ఫోన్‌కైనా తీసుకుందాం, రోజుకోసారి చూసుకోవచ్చు" అంది. ఏడు రోజులకి నూటనలభై డాలర్లు దండగ అన్నాను. అదే ఓడలో మూడో రోజు, వంకర టింకర మెట్ల మీద నిలబెట్టి తీసిన ఫొటోలకి అంతకంటే ఎక్కువే కట్టాను. ఈ సంగతి ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నేను ఆదా చేసింది డబ్బు కాదని నాకు అప్పుడే తెలుసు. ఎవరూ పిలవని ఒక వారం కావాలి నాకు. అది అడగడానికి మొహమాటం. రోమింగ్ చార్జీలు మర్యాదైన సాకు.

ఆ వారం మంగళవారం తెల్లవారుజామున రాజమండ్రిలో మా అమ్మ బాత్‌రూమ్‌లో పడింది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. తుంటి ఎముక విరిగింది. మా చెల్లెలు అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఉంటుంది. నాకు వాట్సాప్‌లో మూడుసార్లు ఫోన్ చేసింది. తర్వాత మా ఆవిడకి చేసింది. ఆ తర్వాత ఎవరికీ చెయ్యలేదు. గురువారం ఆపరేషన్ అయిపోయింది.

శుక్రవారం పొద్దున్న కొజుమెల్‌లో రేవు దిగి ఫోన్ తెరిస్తే ఇవన్నీ వరసగా వచ్చి పడ్డాయి. 'అమ్మ పడింది. ఫోన్ చెయ్యి.' 'తుంటి ఎముకట. ఎల్లుండి ఆపరేషన్ అంటున్నారు.' 'మత్తు వెన్నులో ఇస్తారట, గుండె డాక్టర్ సరే అన్నారు.' 'లోపలికి తీసుకెళ్ళారు.' 'అయింది. బాగానే ఉంది.' చివరిది: 'నీకు కుదిరినప్పుడు చెయ్యి.'

నాకు ముందు కలిగింది భయం కాదు, బాధ కాదు. ఊరట. అంతా అయిపోయింది, నన్ను ఎవరూ ఏమీ అడగరు అన్న ఊరట. ఆ తర్వాతే మిగతావన్నీ వచ్చాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మొదటి క్షణమే.

ఫోన్ చేస్తే చెల్లెలు తిట్టలేదు. తిడితే బాగుండేది. "నువ్వు ఎత్తినా సంతకం పెట్టాల్సింది నేనే కదా అన్నయ్యా" అంది. అమ్మయితే నన్నే ఓదార్చింది: "నువ్వక్కణ్ణించి ఏం చేస్తావురా, సముద్రం మధ్యలో. పిల్లలు బాగా తిరిగారా?"

'తెలిసి మాత్రం ఏం చేస్తావు?' అన్నది చాలా బలమైన వాదన. నేను కూడా కొన్నాళ్ళు దాన్నే పట్టుకు వేలాడాను. చెయ్యగలిగింది ఏమీ లేనప్పుడు తెలుసుకోవడం వల్ల ఒక మనిషి బాధ ఇద్దరి బాధ అవుతుంది, అంతే కదా? మంగళవారం నాకు తెలిస్తే ఏం జరిగేది? బుధవారం రోటాన్‌లో దిగి విమానం వెతుక్కునేవాణ్ణేమో. ఎలా చూసినా ఆపరేషన్‌కి అందుకోలేను. లెక్క ప్రకారం నష్టం సున్నా.

కానీ లెక్కలో రానిది ఒకటుంది. ఆ రెండు రోజులు ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద చెల్లెలు ఒక్కత్తే కూర్చుంది. సగం కీలు మార్చాలా, మొత్తం మార్చాలా అని డాక్టర్ అడిగితే ఆవిడే జవాబు చెప్పింది. తప్పయితే జీవితాంతం ఆవిడ తప్పే అయ్యుండేది. నేను ఫోన్లో ఉండుంటే డాక్టరు మాటలు నాకూ అర్థమయ్యేవి కావు. అయినా 'సరే, అలాగే కానిద్దాం' అని ఇంకో గొంతు ఉండేది. తెలుసుకోవడం ఏదో చెయ్యడం కోసమే అనుకోవడంలోనే పొరపాటుంది. కలిసి ఎదురుచూడటం కూడా ఒక పనే. అది దూరం నుంచి కూడా చెయ్యొచ్చు.

రెండో వాదన, పాత రోజుల్లో బతకలేదా అన్నది. మా తాతగారు కాశీ వెళ్తే తిరిగొచ్చేదాకా కబురు ఉండేది కాదు. 'ఎక్కడున్నాడో' అనుకునేవారే తప్ప, 'ఎందుకు చెప్పలేదు' అని ఎవరూ అనేవారు కాదు. నిజమే. కానీ అప్పుడు ఆయన అందలేదు. నేను అందకుండా ఉన్నాను. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. మొదటిది దూరం చేసిన పని, రెండోది నేను చేసిన పని. ఆయన వెళ్ళినప్పుడు ఇంట్లో పదిమంది ఉన్నారు. ఎవరు పడినా లేవదీయడానికి మనిషి ఉన్నాడు. ఇప్పుడా పదిమంది ఒక్క మనిషయ్యారు. మా ఇంట్లో ఆ మనిషి మా చెల్లెలు.

ఓడ, వైర్‌లెస్ అనగానే టైటానిక్ గుర్తుకొస్తుంది. ఆ ఓడ మీద కూడా ప్రయాణికులు ఒడ్డునున్న వాళ్ళకి కబుర్లు పంపుకునేవారు. మొదటి పది మాటలకి పన్నెండున్నర షిల్లింగులు, అప్పటి రోమింగ్ చార్జీ అనుకోవచ్చు. 1912 ఏప్రిల్ 14 రాత్రి వైర్‌లెస్ ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ ఆ కబుర్లు పంపే హడావిడిలో ఉన్నాడు. దగ్గర్లోనే మంచు వల్ల ఆగిపోయిన కాలిఫోర్నియన్ అనే ఓడ నుంచి ఆపరేటర్ సిరిల్ ఎవాన్స్ హెచ్చరిక చెప్పబోతే, పనిలో ఉన్నాను, అడ్డు రాకు అన్నట్టు జవాబిచ్చాడు. పదకొండున్నర ప్రాంతంలో ఎవాన్స్ యంత్రం ఆపేసి పడుకున్నాడు. 11:40కి టైటానిక్ మంచుకొండని గుద్దుకుంది. తర్వాత పంపిన కేకలు కాలిఫోర్నియన్‌కి వినపడలేదు. ఎంతో దూరంలో ఉన్న కార్పేథియాకి వినపడ్డాయి. అక్కడి ఆపరేటర్ హెరాల్డ్ కాటమ్ పడుకోబోతూ కూడా చెవులకి ఇంకా యంత్రం తగిలించుకునే ఉన్నాడు కాబట్టి.

ఎవాన్స్ చేసింది తప్పా? ఆ ఓడలో ఆపరేటర్ అతనొక్కడే. పొద్దుణ్ణించి కూర్చున్న మనిషి నిద్రపోవడం తప్పంటే, నిద్రే తప్పని చెప్పాలి. 1914లో లండన్‌లో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం కూడా ఆ మాట అనలేదు. కొన్ని రకాల ఓడల్లో రేయింబవళ్ళూ వినే కాపలా ఉండాలంది. రాత్రీ పగలూ ఒక్కడే మేలుకోలేడు కాబట్టి దానర్థం ఇంకో మనిషిని పెట్టమని. ఒకడు పడుకుంటే ఒకడు మేలుకోవాలి. పడుకునేవాడి హక్కు, మేలుకునేవాడి మీద ఆధారపడి ఉంది. ఇది చదివినప్పుడు నాకు నా ప్రశ్న కొంచెం విడిపోయినట్టనిపించింది. ఫోన్ ఆపడం తప్పా ఒప్పా అన్నది కాదు అడగాల్సింది. నేను ఆపినప్పుడు ఎవరి ఫోన్ మోగుతుంది? వాళ్ళకీ ఆపే వంతు ఎప్పుడైనా వస్తుందా?

ఆ ఓడలోనే నాకు ఇంకోటి కనిపించింది కానీ అప్పుడు అర్థం కాలేదు. మా బల్ల దగ్గర వడ్డించే కుర్రాడిది ఇండోనేషియా. నెలల తరబడి ఓడ మీదే. కొజుమెల్‌లో నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో, ఉచిత వైఫై ఉన్న కొట్టు అరుగు మీద అతనూ, ఇంకో పదిమంది పనివాళ్ళూ కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో వీడియో కాల్. ఒకళ్ళ ఫోన్లో చంటిపిల్ల నిద్రపోతోంది. అతను ఊరికే చూస్తున్నాడు. నౌకా కార్మికుల అంతర్జాతీయ ఒప్పందానికి 2022లో చేసిన మార్పులు 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చాయి. ఓడ మీద పనిచేసేవాళ్ళకి వీలైనంతవరకు ఇంటర్నెట్ ఇవ్వాలి, డబ్బు తీసుకుంటే న్యాయంగా తీసుకోవాలి అని అందులో ఉంది. ఇంటికి అందుబాటులో ఉండటం కోసం వాళ్ళు చట్టం దాకా వెళ్ళాల్సొచ్చింది. నేను అదే ఓడలో, డబ్బు మిగులుతుందని చెప్పి, దాన్ని వదిలేశాను.

ఇంకొక చిన్న సంగతి. ఈ ఓడ కంపెనీలకి చాలావాటికి ఒడ్డున ఒక అత్యవసర నంబరు ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఆ నంబరుకి చేసి ఓడ పేరు, ప్రయాణికుడి పేరు, గది నంబరు చెప్తే కబురు అందిస్తారు. నా టికెట్ కాగితాల్లోనే ఆ నంబరు ఉంది. బయల్దేరే ముందు ఫొటో తీసి చెల్లెలికి పంపుంటే సరిపోయేది. పైసా ఖర్చు లేని పని. రోమింగ్ ఖర్చు గురించి వారం రోజులు చదివినవాణ్ణి, ఈ ఒక్క నిమిషం పని చెయ్యలేదు. అందుకే, డబ్బు గురించి చేశానని నన్ను నేను నమ్మించుకోలేకపోతున్నాను.

కొన్నాళ్ళకి చెల్లెలు మామూలు మాటల మధ్యలో అంది: "ఆ రోజు నీ ఫోన్ కలవకపోతే, ఆపేసుంటాడులే అనుకున్నా. కోపం రాలేదు. నేను ఎప్పుడైనా ఆపానా అని గుర్తుచేసుకున్నా. గుర్తురాలేదు." ఇందులో నిష్ఠూరం కూడా లేదు. నిజంగానే గుర్తుచేసుకుని చెప్పినట్టుంది. మా ఇంట్లో కొడుకుని నేను. ఏం జరిగినా ముందు నాకు చెప్పాలంటారు. కూతురు తను. ఏం జరిగినా ముందు తను రావాలంటారు. ఇలా చెప్పించుకునే గౌరవం నాకు, మేలుకునే పని తనకి ఎవరు పంచారో తెలీదు. నేనెప్పుడూ అడగలేదు.

మొన్న జనవరిలో సెలవు పెట్టి నాలుగు వారాలు రాజమండ్రిలో ఉన్నాను. చెల్లెల్నీ బావగార్నీ ఆరు రోజులు అరుణాచలం వెళ్ళి రమ్మన్నాను. ఫోన్ ఆపెయ్యమన్నాను. ఆపలేదు. మొదటి రోజు నాలుగుసార్లు చేసింది: బీపీ మాత్ర పొద్దున్నా రాత్రా, వాకర్ మంచానికి ఏ పక్కన పెట్టావ్, బాత్‌రూమ్‌లో లైటు ఆర్పకు. రెండో రోజు రెండుసార్లు. మూడో రోజు చెయ్యలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కగదిలో అమ్మ దగ్గితే లేచాను, మంచం కిర్రుమంటే లేచాను. మూడింటికి "ఒరేయ్, నీళ్ళు" అంది. ఇచ్చి, మళ్ళీ పడుకునేదాకా గుమ్మంలో నిలబడ్డాను. "చెల్లి ఫోన్ చేసిందా?" అని అడిగింది. లేదన్నాను. "పోన్లే, పడుకునుంటుంది" అంది.